గాలి తప్పినప్పుడే టైరు అసలు రంగు బయటపడుతుంది

రేసింగ్ సిమ్యులేటర్ ఆడేవాళ్లు ఒక గేమ్‌లో టైర్ మోడల్ (టైరు ప్రవర్తనను లెక్కగట్టే భాగం) బాగుందో లేదో తేల్చడానికి సాధారణంగా చేసేది ఒకటే. కారు తీసుకుంటారు, ప్రెజర్లు సరిగ్గా సెట్ చేస్తారు, నాలుగు ల్యాపులు తిప్పి "గ్రిప్ బాగుంది, సహజంగా ఉంది" అనేస్తారు. ఈ పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. అన్నీ కుదిరినప్పుడు దాదాపు ప్రతి గేమూ బాగానే ఉంటుంది. తయారుచేసినవాళ్లు నెలల తరబడి సరిచూసుకునేది ఆ స్థితినే కదా. టైరు నిజంగా లెక్క కట్టి జవాబు చెబుతోందా, లేక ముందే రాసిపెట్టింది అప్పజెబుతోందా అన్నది తెలియాలంటే గాలి తప్పుగా పెట్టి చూడాలి. ఓసారి రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలిచే ప్రమాణం) ఎక్కువ, ఇంకోసారి మూడు పీఎస్ఐ తక్కువ. అప్పుడు కారు ఎలా మారుతుందో అదే ఆ గేమ్ టైరు గురించి మీకు దొరికే అసలైన సాక్ష్యం.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. సెటప్ పేజీలో ఉన్న అన్ని మీటల్లోనూ ఒకేసారి ఇన్ని పనుల్ని కదిలించేది గాలి ఒక్కటే. స్ప్రింగు మారిస్తే స్ప్రింగే మారుతుంది. గాలి మారిస్తే టైరు నేలను తాకే చోటు మారుతుంది, టైరు పక్కగోడ అయిన సైడ్‌వాల్ బిగువు మారుతుంది, వేడి పుట్టే తీరు మారుతుంది, అరుగుదల మారుతుంది, వానలో నీటిని చీల్చే శక్తి కూడా మారుతుంది.

నేలను తాకే చోటుతోనే మొదలుపెడదాం. 1300 కిలోల జీటీ3 తరగతి రేసు కారు కదలకుండా నిలబడి ఉందనుకోండి. బరువు నాలుగు చక్రాల మీదా సమానంగా పడితే ఒక్కో టైరు మీద 325 కిలోలు. లోపల 27 పీఎస్ఐ ఉంది, బరువంతా గాలే మోస్తోంది అనుకుని మోటుగా లెక్క వేస్తే, టైరు నేలను తాకేది 171 చదరపు సెంటీమీటర్ల మేర. 30 సెంటీమీటర్ల వెడల్పున్న టైరుకు అది ఆరు సెంటీమీటర్లు కూడా లేని సన్నని పట్టీ. గాలిని 24కి దించితే అదే లెక్కలో 193 చదరపు సెంటీమీటర్లు, అంటే 12 శాతానికి పైగా ఎక్కువ. నిజం టైరులో సైడ్‌వాల్ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అంకెలు అటూఇటూ అవుతాయి, దిశ మాత్రం ఇదే.

ఇక్కడిదాకా చూసినవాళ్లు "అయితే గాలి ఎంత తగ్గిస్తే అంత గ్రిప్" అనుకుంటారు. అందులో సగం నిజం ఉంది. రబ్బరు మీద ఒత్తిడి పెరిగేకొద్దీ ఒక్కో కిలో బరువుకీ అది ఇచ్చే పట్టు కొంచెం కొంచెంగా పడిపోతుంది. కాబట్టి అదే బరువు ఎక్కువ చోట పరుచుకుంటే లాభమే. మిగతా సగం కార్నర్‌లో బయటపడుతుంది. స్టీరింగ్ తిప్పగానే ముందు తిరిగేది రిమ్. ట్రెడ్, అంటే నేలను తాకే రబ్బరు, దాని వెనకాల, సైడ్‌వాల్ మెలిక పడ్డాక వస్తుంది. గాలి తక్కువైతే ఆ మెలిక పెద్దదవుతుంది, కారు ఆలస్యంగా పలుకుతుంది. ఎడమకు వెళ్లి వెంటనే కుడికి తిరగాల్సిన షికేన్‌లో దీన్ని బాగా పట్టుకోవచ్చు. మొదటి మలుపు పరవాలేదు. రెండో మలుపుకు మీరు స్టీరింగ్ అటు తిప్పేసరికి టైరు ఇంకా ఇటువైపు మెలికలోంచి బయటికి వస్తూ ఉంటుంది. ముక్కు కదలదు, మీరు ఇంకొంచెం తిప్పుతారు, ఆ తర్వాత అంతా ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. అదే సమయంలో బరువు ట్రెడ్ మధ్యలోంచి అంచుల మీదికి పాకుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేచే రబ్బరు కొంత శక్తిని వేడిగా మార్చి లోపలే దాచుకుంటుంది.

గాలి ఎక్కువైతే కథ తిరగబడుతుంది. స్టీరింగ్‌కు కారు చటుక్కున పలుకుతుంది, మొదటి ల్యాపులో అది బాగుంటుంది కూడా. కానీ పట్టీ చిన్నదై బరువు మధ్యలో కుప్పపడుతుంది. ట్రాక్ అంచున ఉండే కర్బ్ ఎక్కితే కారు ఎగిరిపడుతుంది. పట్టు వదిలేటప్పుడు ముందుగా ఏ కబురూ పంపదు.

కాబట్టి గాలి ఎక్కువ తక్కువలు రెండు వేర్వేరు రకాల చెడు. అవి ఒకే చెడుకు రెండు కొసలు కావు. నా వాదనకు ఇదే ఆధారం. తప్పు ప్రెజర్ కారు స్వభావాన్ని మార్చాలి. కారు స్వభావం అలాగే ఉండి ల్యాప్ టైమ్ మాత్రం పెరిగితే, ఆ గేమ్‌లో టైరు పేరుకే ఉంది.

ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే టైర్ మోడళ్ల పుట్టుక చూడాలి. డెల్ఫ్ట్ యూనివర్సిటీకి చెందిన హాన్స్ పజేకా, ఎగ్బర్ట్ బక్కర్, వోల్వోకు చెందిన లార్స్ నైబోర్గ్‌లు కలిసి 1987లో ప్రచురించిన పద్ధతిని మ్యాజిక్ ఫార్ములా అంటారు. టైరును ల్యాబ్ యంత్రం మీద తిప్పి, స్లిప్ యాంగిల్ (చక్రం చూసే దిశకూ నిజంగా వెళ్లే దిశకూ మధ్య కోణం) పెరిగేకొద్దీ పక్కబలం ఎలా పెరిగి, శిఖరం తాకి, ఎలా దిగుతుందో కొలుస్తారు. ఆ చుక్కల మీదుగా సరిపోయేలా నాలుగు గుణకాలతో ఒక సైన్ గీత గీస్తారు. అద్భుతమైన పనిముట్టు. ఎన్నో గేమ్‌లు, ఎన్నో కారు కంపెనీల లెక్కలు ఏదో ఒక రూపంలో దీని మీదే నిలబడ్డాయి. అయితే ఆ గీత వెనుక రబ్బరు లేదు, టైరు లోపలి దారాలు లేవు, గాలి లేదు. కొలిచినప్పుడు టైరులో ఎంత గాలి ఉందో ఆ గాలికి మాత్రమే గీత నిజం. ప్రెజర్ మార్పుల్ని కూడా లెక్కలోకి తీసుకునే రూపాన్ని బెసెలింక్, ష్మైట్జ్, పజేకా కలిసి ప్రచురించింది 2010లో. మధ్యలో గడిచిన 23 ఏళ్లలో గేమ్‌లు రాసినవాళ్లు ప్రెజర్‌ను ఎవరికి తోచినట్టు వాళ్లు అతికించుకోవాల్సి వచ్చింది.

ఆ అతుకు ఎలా ఉంటుందో కళ్లారా చూడొచ్చు. 2014లో పూర్తి రూపంలో వచ్చిన అసెట్టో కోర్సా గేమ్‌లో మోడ్ కార్ల (ఆటగాళ్లే తయారుచేసి చేర్చుకునేవి) టైర్ ఫైలు మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అందులో ప్రెజర్‌కు సంబంధించిన వరసలు కొన్ని ఉంటాయి. స్ప్రింగ్ గెయిన్ అనేది ఒక పీఎస్ఐ పెరిగితే టైరు ఎంత బిగుసుకోవాలో చెబుతుంది. ఫ్లెక్స్ గెయిన్ అది ఎంత వంగాలో, ఆర్ఆర్ గెయిన్ దొర్లేటప్పుడు ఎంత నిరోధం ఉండాలో చెబుతాయి. ఈ మూడింటితో నాకు పేచీ లేదు. మోటుగానే అయినా అవి టైరు శరీరం గురించి మాట్లాడుతున్నాయి. వాటి పక్కనే ఇంకో రెండు ఉంటాయి. ఒకటి ప్రెజర్ ఐడియల్, రెండోది డి గెయిన్. మొదటిది సరైన ప్రెజర్ ఎంతో నేరుగా అంకెలో చెప్పేస్తుంది. రెండోది ఆ అంకెకు పైకి గానీ కిందికి గానీ ఎంత దూరం జరిగితే అంత గ్రిప్ కోసేస్తుంది. ఎటు జరిగినా కోత ఒకటే. సరైన ప్రెజర్ టైరు పనితీరులోంచి పుట్టలేదు, ఫైలు రాసిన మనిషి వేళ్లలోంచి వచ్చింది. పదేళ్ల కిందటి కంప్యూటర్లకు అది సమంజసమైన ఎంపికే. ఆ గేమ్ కార్లు నాకు ఇప్పటికీ ఇష్టం. దాన్ని టైరు భౌతికశాస్త్రం అని పిలవడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఇంకో దారి కూడా ఉంది. ఆర్‌ఫ్యాక్టర్ 2 గేమ్‌లో టైరును పొరలు పొరలుగా, దారాల కోణాలతో సహా వర్ణించి, గాలి నింపి, బరువు మోపితే ఏమవుతుందో లెక్క కట్టిస్తారు. ఐరేసింగ్ అనే సిమ్యులేటర్ కోసం దాని సహ వ్యవస్థాపకుడు డేవ్ కేమర్ కూడా గీతలు అతికించే పద్ధతిని పక్కనపెట్టి, రబ్బరు స్వభావం నుంచి బలాలు రాబట్టే మోడల్ రాయడానికి ఏళ్లు వెచ్చించాడు. ఇలాంటి మోడళ్లలో సరైన ప్రెజర్ ఎంత అని అడిగితే రాసిన మనిషికి కూడా ముందుగా తెలియదు. నడిపి చూడాలి. నాకు కావాల్సింది సరిగ్గా అదే.

అయితే ఇక్కడ ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. ఐరేసింగ్‌లో చాలా కాలం పాటు చాలా కార్లకు అనుమతించిన అత్యల్ప ప్రెజరే అత్యంత వేగవంతమైంది. సెటప్ పేజీ తెరవగానే నాలుగు టైర్లూ అడుగుకు దించేయడం అందరికీ అలవాటైపోయింది. లోతైన మోడల్ పెట్టుకుని కూడా ఇలా ఎందుకైంది? గాలి తగ్గిస్తే వచ్చే లాభం లెక్కలోకి వచ్చింది, దానికి కట్టాల్సిన మూల్యం పూర్తిగా రాలేదు. నిజం రేసుల్లో ఆ మూల్యం ఏమిటో అందరం చూశాం.

2013లో సిల్వర్‌స్టోన్ బ్రిటిష్ గ్రాండ్ ప్రీ ఫార్ములా వన్ రేసులో హామిల్టన్, మాసా, వెర్న్, పెరెజ్‌ల టైర్లు వరసగా పగిలిపోయాయి. టైర్ల కంపెనీ పిరెల్లి చూపించిన కారణాల్లో తక్కువ ప్రెజర్లు, ఎక్కువ కాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం), ఎడమ కుడి టైర్లు తారుమారు చేసి బిగించడం, పదునైన కర్బులు ఉన్నాయి. 2021లో బాకూలో మొదట స్ట్రోల్‌కి, తర్వాత గెలుపు ముంగిట్లో ఉన్న వెర్‌స్టాపెన్‌కి ఎడమ వెనుక టైరు మెయిన్ స్ట్రెయిట్ మీద పోయింది. ఆ తర్వాత ప్రెజర్ తనిఖీల నిబంధనలు బిగించారు. ఫార్ములా వన్‌లో పిరెల్లి ప్రతి రేసుకూ కనీస ప్రెజర్ నిర్దేశిస్తుంది. టీములన్నీ ఆ గీతకు వీలైనంత దగ్గరగా పాకుతూనే ఉంటాయి. తక్కువ గాలిలో వేగం ఉన్న మాట నిజమే. ఆ వేగానికి పక్కనే భయం కూడా ఉంటుంది. ఇంజనీరు ప్రతిసారీ ఆ రెండింటి మధ్యే బేరం కుదుర్చుకుంటాడు.

చాలా సిమ్యులేటర్లలో ఆ భయం ఉండదు. తక్కువ గాలితో గంటసేపు తొక్కినా సైడ్‌వాల్ అలసిపోదు. అందుకని డెవలపర్లు సెటప్ పేజీలో కనీస పరిమితి పెంచి సమస్య తీరిందనుకుంటారు. ఇది నాకు నచ్చదు. కంచె వేస్తే అందరూ కంచె దగ్గరే గుమిగూడతారు, పాత అలవాటే కొత్త అంకెతో కొనసాగుతుంది. గాలి తగ్గించినవాడి టైరు కడుపులో వేడి పెరగాలి, పదిహేనో ల్యాపుకు స్టీరింగ్ జావగారిపోవాలి, కర్బుల మీద మొండిగా ఎక్కిస్తే ఎప్పుడో ఒకసారి పగలాలి. అప్పుడు పరిమితి అవసరమే రాదు.

రెండో చిక్కు పచ్చరంగు. అసెట్టో కోర్సా కాంపిటీజియోనే అనే తర్వాతి గేమ్‌లో స్క్రీన్ మీద టైరు బొమ్మ, పక్కనే ప్రెజర్, సరైన పరిధిలో ఉంటే పచ్చగా కనిపించే సూచిక ఉంటాయి. జీటీ3 డ్రై టైర్లకు చాలాకాలం 27.5 పీఎస్ఐ చుట్టుపక్కల వేడి ప్రెజర్ (టైరు వేడెక్కాక ఉండే ప్రెజర్) మంచిదని అందరూ బట్టీ పట్టారు. 2023లో వచ్చిన 1.9 అప్‌డేట్‌తో మంచి పరిధి 26 నుంచి 27కి మారింది. ఒక్క రాత్రిలో వేలమంది సెటప్‌లు చెల్లకుండా పోయాయి. వాళ్లలో ఎక్కువమంది చేసిందేమిటి? పాత అంకె కొట్టేసి కొత్త అంకె రాసుకున్నారు. కారు ఎందుకు మారింది, ఎక్కడ మారింది అన్న ప్రశ్న చాలామంది వరకు రానే లేదు. గేమ్ వాళ్లకు ఆ అవసరం కల్పించలేదు. నిజానికి ఆ గేమ్ టైరు రంగు చూపించేదానికంటే చాలా లోతైంది, పరిధి దాటినప్పుడు కారు నడక మారడం చేతికి తెలుస్తుంది. చేతికి తెలిసేలోపే కంటికి తీర్పు చెప్పేయడమే ఇబ్బంది.

దీనికి ఒక బలమైన ఎదురువాదం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. నిజం కారులో డ్రైవరుకు సీటు చెబుతుంది, వెన్ను చెబుతుంది, చెవి చెబుతుంది. సిమ్యులేటర్‌లో కూర్చున్నవాడికి ఉన్నది స్టీరింగ్ మోటారు, స్పీకరు, తెర. ఇంత తక్కువ సమాచారంతో టైరు సంగతి పసిగట్టమంటే అన్యాయం కదా, రంగు చూపిస్తే తప్పేముంది అంటారు. పైగా నిజం రేసింగ్‌లోనూ టైరు కంపెనీ వేడి ప్రెజర్ ఇంత ఉండాలని టీములకు చెబుతుంది, గేమ్ చేసేది అదే అంటారు.

సమాచారం ఇవ్వాలన్న మాటతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. ప్రెజర్ అంకె చూపించాలి, నిజం కార్లలోనూ డ్యాష్ మీద అది కనిపిస్తుంది. ట్రెడ్ లోపలి అంచు, మధ్య, బయటి అంచు ఉష్ణోగ్రతలు పిట్‌లో చూపించాలి. మధ్య భాగం అంచుల కంటే వేడెక్కితే గాలి ఎక్కువని, అంచులు రెండూ మధ్యకంటే వేడెక్కితే తక్కువని మెకానిక్కులు తరతరాలుగా చదువుకుంటున్న పద్ధతే అది. ఇవన్నీ కొలతలు. పచ్చరంగు మాత్రం కొలత కాదు, తీర్పు. టైరు కంపెనీ చెప్పే అంకె కూడా మొదలుపెట్టడానికి ఇచ్చిన చోటే. ఒక డ్రైవరు ముందు టైర్లలో అర పీఎస్ఐ ఎక్కువ అడుగుతాడు, స్టీరింగ్ చురుగ్గా ఉండాలని. అదే కారులో ఇంకొకడు వెనుక టైర్లు కొంచెం మెత్తగా కావాలంటాడు, మలుపు బయటకి గ్యాస్ తొందరగా తొక్కాలని. రంగు పెట్టిన గేమ్‌లో ఈ సంభాషణకు చోటే లేదు.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం వేడి. గేజ్ చూపించేది బయటి వాతావరణం కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో అది. అసలు లెక్కకు దానికి 14.7 కలపాలి. 25 డిగ్రీల దగ్గర 21 పీఎస్ఐ నింపారనుకోండి, మొత్తం 35.7. లోపలి గాలి 75 డిగ్రీలకు చేరితే, ఉష్ణోగ్రతను కెల్విన్‌లో తీసుకుంటే 298 నుంచి 348కి పెరిగినట్టు. అదే నిష్పత్తిలో ప్రెజర్ 41.7 అవుతుంది. అందులోంచి 14.7 తీసేస్తే గేజ్ మీద సరిగ్గా 27. అంటే లోపలి గాలి పది డిగ్రీలు అటూఇటూ అయితే ఒకటింపావు పీఎస్ఐ దాకా తేడా వస్తుంది. మబ్బు పట్టి ట్రాక్ చల్లబడితే అర పీఎస్ఐ మాయమవడం అందుకే.

ఉష్ణోగ్రత చెప్పకుండా ప్రెజర్ అంకె చెబితే దానికి అర్థం లేదని చూపించే ఘటన 2015లో మోన్జా ఫార్ములా వన్ రేసులో జరిగింది. గ్రిడ్ మీద కొలిస్తే హామిల్టన్ కారు ఎడమ వెనుక టైరు నిర్దేశించిన దానికంటే 0.3 పీఎస్ఐ తక్కువ, రోజ్‌బర్గ్‌ది 1.1 తక్కువ ఉన్నాయి. రేసు అయ్యాక విచారణ జరిగింది. కొలిచే సమయానికి టైర్లను వేడిగా ఉంచే బ్లాంకెట్లకు కరెంటు తీసేసి ఉంది, టైర్లు చల్లబడ్డాయి. రేసు న్యాయనిర్ణేతలైన స్టీవార్డులు ఏ చర్యా తీసుకోలేదు, హామిల్టన్ గెలుపు నిలిచింది.

దీన్ని గేమ్‌లో అనుభవించడానికి బార్సిలోనా ట్రాక్ మంచి చోటు. అక్కడ మూడో మలుపు పొడుగ్గా, విడవకుండా కుడికి తిరుగుతూనే ఉంటుంది. ఎడమ ముందు టైరు అంతసేపూ బరువు మోస్తూ రుద్దుకుంటుంది. నాలుగు టైర్లలోనూ ఒకే చల్లని ప్రెజర్ పెట్టి బయల్దేరితే, కాసేపటికి ఎడమ ముందుది మిగతావాటిని దాటి పోతుంది. మంచి మోడల్‌లో అది అంకెలో కంటే ముందు చేతిలో తెలుస్తుంది. అదే మలుపులో, అదే వేగంతో, కారు ల్యాపుకు కొంచెం కొంచెం బయటికి జారుతుంది. స్టీరింగ్ తేలికవుతుంది. కుడివైపు మలుపుల్లో ఇలా ఉండి ఎడమ మలుపుల్లో కారు ఏమీ ఎరగనట్టు బాగానే తిరుగుతుంది. అప్పుడు పిట్‌కి వచ్చి ఎడమ ముందు గాలి కొంచెం దించుతారు. ఇంత మామూలు పనిలో డ్రైవరు ట్రాక్‌ను, టైరును, తన అలవాటును మూడింటినీ చదవాల్సి వస్తుంది. పచ్చరంగు ఈ చదువు మొత్తాన్ని చెరిపేస్తుంది.

వాన గురించి ఒక మాట. వాన టైర్లకు ఎక్కువ గాలి ఎందుకన్నది కొత్తవాళ్లకు తలకిందులుగా అనిపిస్తుంది. 1960ల మొదట్లో నాసాలో వాల్టర్ హోర్న్ బృందం విమానం టైర్ల మీద పరిశోధించి ఒక సూత్రం ఇచ్చింది. పీఎస్ఐలో ప్రెజర్‌కు వర్గమూలం కట్టి 9తో గుణిస్తే, టైరు నీటిపై తేలడం మొదలయ్యే వేగం నాట్లలో (గంటకు సముద్ర మైళ్లలో) వస్తుంది. 27 పీఎస్ఐకి అది గంటకు 87 కిలోమీటర్ల దగ్గర, 30కి 91 దగ్గర. గాడులున్న రేసింగ్ వాన టైరుకు ఈ అంకెలు నేరుగా వర్తించవు. అయినా గాలి ఎక్కువుంటే నీటిని నెట్టే బలం ఎక్కువ అన్నది అక్కడా నిజమే. కాంపిటీజియోనేలో వాన టైర్లు 30 దగ్గర బాగా పనిచేయడం ఈ దిశకు సరిపోతుంది.

మీ సిమ్యులేటర్‌ను మీరే పరీక్షించుకోండి. ట్రాక్ ఉష్ణోగ్రత మారకుండా పెట్టి, ఇంధనం అంతే ఉంచి, తెర మీద టైరు బొమ్మ తీసేసి, నాలుగు టైర్లలోనూ మూడు పీఎస్ఐ దించండి. మొదటి ల్యాపులో షికేన్ రెండో మలుపు ఆలస్యంగా పలకాలి. స్ట్రెయిట్ చివర వేగం కాస్త తగ్గాలి. నెమ్మది మలుపు బయట ట్రాక్షన్ మొదట్లో మెరుగ్గా కూడా అనిపించాలి. అలా పోనుపోను ట్రెడ్ అంచులు మధ్యకంటే వేడెక్కాలి, కారు బరువెక్కినట్టు అవ్వాలి. తర్వాత మూడు పీఎస్ఐ పెంచి అదే చేస్తే ఇంకో రకం కారు ఎదురవ్వాలి, చురుకైనది, కర్బుల మీద గెంతేది, చెప్పకుండా జారేది. రెండుసార్లూ కారు ఒకేలా ఉండి టైమ్ మాత్రం అంతే మేర పెరిగితే, ఆ గేమ్ ఫైల్లో ఎక్కడో ఒక ఐడియల్ అంకె కూర్చుని ఉందని అర్థం. అలాంటి గేమ్‌లో నేను ప్రెజర్ పేజీ మీద టైమ్ పెట్టను. వాళ్లిచ్చిన అంకె పెట్టేసి బ్రేకింగ్ ప్రాక్టీసు చేసుకుంటాను.